కుడి గది

గోడకు అంటించిన కాగితం ప్రకారం ఒక్కో గుండెకు ఎనిమిది నిమిషాలు. దాన్ని అంటించింది పెద్ద డాక్టరు. రెండేళ్ళ కిందట ఆయన గుండె విభాగానికి పెద్దగా వచ్చిన వారానికే అది గోడెక్కింది. అంతకు ముందు ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు పట్టినా అడిగే దిక్కు ఉండేది కాదు. ఆ కాగితం కింద కూర్చుని రోజుకు నలభై మందికి గుండె స్కానింగు చేసే ఆమెను ఆసుపత్రిలో అందరూ జెల్లక్క అంటారు. ఛాతీకి జెల్లు రాసే అక్క కాబట్టి జెల్లక్క. నోరు కాస్త పెద్దది. పెద్ద డాక్టరుకీ ఆమెకీ మొదటి రోజు నుంచీ ఉప్పూ నిప్పూ.

సోమవారం పొద్దున వార్డు నుంచి ఒక లిఫ్టు మెకానిక్కుని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. శనివారం గుండెపోటు వచ్చింది. గుండె అడుగు గోడకు రక్తం అందించే నాళం మూసుకుపోతే, గడ్డను మందుతో కరిగించారు. వెనకాలే అతని భార్య వచ్చింది. ఆవిడ దర్జీ. దుకాణంలోంచి అలాగే లేచి వచ్చిందేమో, మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంది. గుమ్మం దగ్గరే అందుకుంది. గంట నుంచి బయట కూర్చోబెట్టారు, లోపల పడుకోబెట్టేది మనుషుల్ననుకుంటున్నారా మూటల్ననుకుంటున్నారా అని. జెల్లక్కా తగ్గలేదు. నాకున్నవి రెండే చేతులు, మీ ముందు తొమ్మిది మందిని చూడాల్సొచ్చింది అంది. దర్జీ మూతి ముడుచుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

మెకానిక్కుని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎడమ చెయ్యి తల కింద పెట్టించింది జెల్లక్క. జెల్లు పిండి, సబ్బుబిళ్ళంత ప్రోబును పక్కటెముకల సందున ఆనించింది. తెర మీద గుండె కనిపించింది. కుడి చెయ్యి ప్రోబును పట్టుకుని వాలుస్తుంటే, ఎడమ చెయ్యి మీటల మీద తనంతట తాను నడిచింది. ఎడమ గది ఎంత రక్తం తోస్తోందో ఆ అంకె యాభై శాతం దగ్గర ఆగింది. పోటు వచ్చి రెండు రోజులైన మనిషికి అది మంచి అంకె. ఆరో నిమిషానికి ఎడమ వైపు గడులు పదిహేనూ నిండాయి. కుడి వైపుకి ఫారంలో ఒకే ఒక్క గడి. అదీ ఖాళీగా ఉండదు. ఫారం తెరవగానే 'కుడి వైపు: సాధారణం' అని అందులో ముందే రాసి ఉంటుంది.

తర్వాత రావలసిన రోగి ఇంకా ఎక్స్‌రే దగ్గరే ఉన్నాడని బయట నుంచి ఎవరో చెప్పారు. జెల్లక్క ప్రోబు తీసేసి తుడవడానికి కాగితం చింపుతూ మెకానిక్కు మెడ వైపు చూసింది. నరం చిటికెన వేలంత లావున ఉబ్బి చెవి తమ్మె దాకా కొట్టుకుంటోంది. ఊపిరి మాత్రం తేలిగ్గానే తీస్తున్నాడు. ఆమె కాగితం పక్కన పెట్టి, మళ్ళీ జెల్లు రాసి, ప్రోబును కొద్దిగా కుడికి వాల్చింది.

కుడి గది ఎడమ గదికంటే చిన్నదిగా ఉండాలి. ఇతనికి సాగిపోయి దానితో సమానంగా ఉంది. కొట్టుకున్న ప్రతిసారీ దాని అంచు గుండె మొన వైపు కనీసం పదిహేడు మిల్లీమీటర్లు జరగాలి. ఆమె ఆ అంచు మీద గీత పెట్టి, తెర ఆపి, కొలిచింది. పది. ఇంకోసారి కొలిచింది. పదిన్నర. ఊపిరి బిగబట్టమని చెప్పి మూడోసారి చూసింది. పదే.

మెకానిక్కు తల కొద్దిగా ఎత్తి తెర వైపు చూస్తున్నాడు. ఆ గీత పైకీ కిందికీ పోతోంది, ఏంటమ్మా అది అని అడిగాడు. గుండెలో ఒక అంచు కదులుతోందని చెప్పింది.

"పై అంతస్తు దాకా పోకుండానే దిగొస్తున్నట్టుంది," అన్నాడు. "మా లిఫ్టైతే ఎప్పుడో కట్టేసి బోర్డు పెట్టేవాణ్ణి."

జెల్లక్కకి నవ్వు రాలేదు. ఏం కనిపించిందో చెప్పమని దర్జీ నిలదీసింది. టెక్నీషియన్లు రోగులకు ఫలితం చెప్పకూడదు. రిపోర్టులో రాస్తాను, డాక్టరుగారు చెప్తారు అంది. ఇంతసేపు గుచ్చి గుచ్చి చూశారు గానీ నోట్లోంచి ముత్యం రాలదు అని దర్జీ గొణిగి, భర్త చొక్కా గుండీలు తనే పెట్టి, కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది.

ఫారంలో 'సాధారణం' అన్న మాటను జెల్లక్క చెరిపేసింది. 'సాగింది, బలహీనం, పది మిల్లీమీటర్లు' అని రాసి పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది.

ఆయన నిలబడే రిపోర్టులు చూస్తున్నాడు. ఈ మెకానిక్కు కుడి గది దెబ్బతిన్నట్టుందని, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయని, ఒక్కసారి వచ్చి చూడమని ఆమె అడిగింది. ఇలాంటి రోగి నాలిక కింద ఛాతీ నొప్పి మాత్ర పెడితే బీపీ అమాంతం పడిపోతుందని ఆమెకు నేర్పిన పాత డాక్టరు చెప్పేవాడు. అదీ చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందని నోరు మూశాక తెలిసింది.

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీశాడు. "ఏమ్మా, ఇప్పుడు మందులు కూడా నువ్వే రాస్తావా?"

"రాయను సార్. కొలిచింది చెప్తున్నాను."

"కుడివైపు కొలవమని ఎవరడిగారు నిన్ను? ఎడమ గది యాభై ఉంది. అది బాగుంటే ఆ పక్కది దానంతటదే సర్దుకుంటుంది. పొద్దున రౌండ్సులో వాళ్ళకి చెప్పేశాను, గుండె బాగుంది, బుధవారం ఇంటికెళ్ళొచ్చని. నీ మాట పట్టుకుని వెళ్ళి తప్పు చెప్పానని దణ్ణం పెట్టమంటావా?"

ఎనిమిది నిమిషాల పని పదిహేను నిమిషాలు చేసినందుకు ఇంకో నాలుగు తిట్టి, బయట క్యూ చూపించి పంపేశాడు. రిపోర్టు మాత్రం బల్ల మీద పెట్టించుకున్నాడు. కంప్యూటర్లో ఆయన సంతకం పడితే గానీ అది వార్డుకి వెళ్ళదు. మిగతా ముప్పై మందికి జెల్లు రాస్తూ జెల్లక్క ఆ రోజంతా పళ్ళు నూరుతూనే ఉంది.

మంగళవారం పది గంటలకు వార్డులో కలకలం రేగింది. మంచం పట్టిన ఇంకో రోగికి స్కానింగు చేయడానికి జెల్లక్క చిన్న మిషను తోసుకుని అప్పుడే అక్కడికి వెళ్ళింది. కిటికీ పక్క మంచం మీద మెకానిక్కు బూడిద రంగుకి తిరిగిపోయి ఉన్నాడు. పొద్దున్నే నీరు తగ్గించే ఇంజెక్షను ఇచ్చారు. తర్వాత కాస్త ఛాతీ బరువుగా ఉందంటే, చీటీలో ఉన్నట్టే నర్సు నాలిక కింద మాత్ర పెట్టింది. ఐదు నిమిషాల్లో బీపీ అరవైకి పడిపోయింది. డ్యూటీ డాక్టరు అతని కాళ్ళు ఎత్తి దిండ్లు పెట్టించి, రెండు చేతులకూ సెలైన్ ఎక్కిస్తున్నాడు. హెడ్ నర్సు సీసాని పిడికిట్లో నొక్కుతోంది. దర్జీ మంచం కాళ్ళ దగ్గర నిలబడి భర్త పాదాలు రుద్దుతోంది.

అతను కళ్ళు తెరిచి మాట్లాడేసరికి నలభై నిమిషాలు పట్టింది.

అప్పటికి పెద్ద డాక్టరు వచ్చాడు. రిపోర్టు అడిగాడు. హెడ్ నర్సు తీసి ఇచ్చింది. ఆయన అది చదివి, అందరికీ వినపడేలా, స్కానింగు గదిలో వాళ్ళు సరిగ్గా చూసి రాస్తే మాకీ తిప్పలుండవు అన్నాడు. జెల్లక్క ఆ కాగితం లాక్కున్నంత పని చేసింది. 'కుడి వైపు: సాధారణం.' కింద ఆమె ఉద్యోగి నంబరు.

"నేనిలా రాయలేదు," అంది.

"నీ నంబరే ఉంది," అన్నాడాయన.

దర్జీ పాదాలు వదిలి ఇటు తిరిగింది. నిన్న అంతసేపు గుచ్చింది ఇది రాయడానికేనా అని అడిగింది. గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే జెల్లక్క కూడా అరిచేది. జెల్లక్క మిషను తోసుకుంటూ బయటికి నడిచింది. హెడ్ నర్సుతో పన్నెండేళ్ళ స్నేహం. ఆవిడ కూడా కళ్ళు తిప్పుకుంది. మాత్ర పెట్టిన నర్సు తన కింద పనిచేసే పిల్ల, నీ రిపోర్టు నమ్మే పెట్టింది అని మాత్రం అంది. సాయంత్రానికి సూపరింటెండెంటు దగ్గర నుంచి కాగితం వచ్చింది. గురువారం విచారణ, సంజాయిషీ రాసి తీసుకురావాలి.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ గదికి గడియ పెట్టుకుని జెల్లక్క స్కానింగు మిషను ముందు కూర్చుంది. ఫారంలో మాట ఎవరైనా మార్చొచ్చు గానీ, మిషనులో దాచిన బొమ్మని ఎవరూ మార్చలేరు. దాని మీద తేదీ, గంట, కొలత అన్నీ ముద్రపడి ఉంటాయి. మెకానిక్కువి తెరిచింది. పది, పదిన్నర, పది. మూడూ పదిలంగా ఉన్నాయి. రేపు ఆయన మొహాన కొడతాను అనుకుంది. 

అంతటితో లేచిపోవలసింది. కానీ పెద్ద డాక్టరు సంగతి ఆమెకు తెలుసు. ఈవిడకి కొలవడం రాదు, అందుకే పది వచ్చింది అంటాడు. అలా అనకుండా, ఇలాంటి పోటే వచ్చి కుడి గది బాగున్నవాళ్ళ కొలతలు నాలుగు తీసి పక్కన పెడదామని గత నెల వరస తెరిచింది. అడుగు గోడకు పోటు వచ్చినవాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు. ఎడమ గది బొమ్మలు అందరికీ ఉన్నాయి. కుడి గది బొమ్మ ఒక్కరికీ లేదు. అంతకు ముందు నెల తెరిచింది. పదకొండు మందిలో ఒకరికుంది. ఇంకా వెనక్కి వెళ్ళింది. వెళ్తున్నకొద్దీ వేళ్ళు నెమ్మదించాయి. రెండేళ్ళ వరస మొత్తం చూసేసరికి అడుగు గోడకు పోటు వచ్చినవాళ్ళు రెండువందల ముప్పై ఆరు మంది తేలారు. కుడి గదిని ఆమె కొలిచింది పంతొమ్మిది మందికి. కాగితం గోడెక్కక ముందు రోజుల్లోకి పోతే ప్రతి ఒక్కరికీ కొలత ఉంది.

మిగిలిన రెండువందల పదిహేడు రిపోర్టుల్లోనూ 'సాధారణం' అని ఉంది. వాటినెవరూ మార్చలేదు. మార్చాల్సిన అవసరం లేకపోయింది.

బయట ఎవరో తలుపు తట్టారు. రెండున్నర అయింది, క్యూ ఉందన్నారు. ఆమె లేచి గడియ తీసింది. మొదటి రోగికి జెల్లు వెయ్యకుండానే ప్రోబు పెట్టి, తెర నల్లగా ఉందేమిటా అని కాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఇంట్లో సాయంత్రం భర్తకి చెప్పింది. అతను బస్సు డిపోలో టైర్లు మార్చే పని చేస్తాడు. చేతులకున్న నల్లటి జిడ్డు రంపపు పొడితో రుద్దుకుంటూ అంతా విన్నాడు. ఆ మెకానిక్కు బొమ్మ చూపించి నీ ఉద్యోగం నిలబెట్టుకో, మిగతావి నిన్నెవడూ అడగలేదు కదా అన్నాడు. ఎనిమిది నిమిషాల్లో చెయ్యమన్నది ఆయన, నువ్వా అని కూడా అన్నాడు. అది నిజమే. నిజమే గానీ, కొలవలేదు అన్న మాట రాయడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం రెండేళ్ళలో ఒక్కసారీ దొరకలేదా అని ఆమె తనని తానే అడుగుతోంది. అతను ఆమె మొహం చూసి చేతులు కడుక్కున్నాడు.

"చెప్పేస్తావు నువ్వు," అన్నాడు. "చెప్పాక వాళ్ళందరూ నిన్ను కాకుల్లా పొడుస్తారు. నా దగ్గరికొచ్చి ఏడవకు."

గురువారం సూపరింటెండెంటు గదిలో ఐదుగురు కూర్చున్నారు. సూపరింటెండెంటు ఆర్నెల్లలో దిగిపోయే మనిషి, ఎవరినీ నొప్పించకుండా ఈ ఆర్నెల్లూ గడిచిపోతే చాలనుకునేవాడు. ఆయనకు అటు పెద్ద డాక్టరు, ఇటు హెడ్ నర్సు. ఎదురుగా జెల్లక్క. తలుపు దగ్గర కుర్చీలో దర్జీ, ఫిర్యాదు ఇచ్చింది కాబట్టి ఆవిణ్ణీ పిలిచారు. మెకానిక్కు బీపీ నిలబడింది. కుడి గదికి తగిన వైద్యం మంగళవారం నుంచే మొదలుపెట్టారు. ఇంకో వారం వార్డులోనే ఉంటాడు.

జెల్లక్క బొమ్మలు బల్ల మీద పరిచింది. సోమవారం, పదకొండూ ఇరవై, పది మిల్లీమీటర్లు. సూపరింటెండెంటు వాటిని దగ్గరగా పెట్టుకుని చూశాడు. కంప్యూటర్ల గదికి ఫోను చేశాడు. రిపోర్టులో ఆ గడి సోమవారం నాలుగూ పదికి మారిందని, మార్చినప్పుడు తెరిచి ఉన్నది పెద్ద డాక్టరు ఖాతా అని అటువైపు వాళ్ళు చెప్పారు. పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు. సంతకం పెట్టేటప్పుడు ఫారం దానంతటదే పాత మాటకి పోయి ఉంటుందన్నాడు. ఆ మాట ఆయనే నమ్మనట్టుంది, బల్ల అంచు వైపు చూస్తూ అన్నాడు.

సూపరింటెండెంటుకి అంతే చాలు. ఇది కంప్యూటరు పొరపాటు, ఇందులో ఎవరి తప్పూ లేదు, డాక్టరుగారు ఈవిడకి ఒక మాట విచారం చెప్తారు, టెక్నీషియన్ మీద కాగితం వెనక్కి తీసుకుంటున్నాను అన్నాడు. ఆ కాగితాన్ని నిలువుగా చించాడు కూడా. హెడ్ నర్సు బల్ల కింద నుంచి జెల్లక్క మోకాలు తట్టింది. పెద్ద డాక్టరు కుర్చీ వెనక్కి జరిపాడు. రెండేళ్ళలో ఆయన తన ముందు తల దించుకోవడం జెల్లక్క చూడటం ఇదే మొదలు. ఇంకొక్క క్షణం అలా చూస్తూ కూర్చోవాలనిపించింది.

"ఇంకొకటుంది సార్," అంది.

లేవబోయినవాళ్ళు ఆగారు. ఆమె సంచిలోంచి రెండో కాగితం తీసింది. తన చేత్తో గీసిన పట్టిక, రెండేళ్ళది. ఇలాంటి పోటు వచ్చినవాళ్ళు ఇంతమంది, నేను కొలిచింది ఇంతమందికి, కొలవకుండా సాధారణం అని ఇచ్చింది ఇంతమందికి అని అంకెలు చదివింది. ఒక్కో అంకె కిందా వేలు పెట్టి చూపించింది.

మొదట తేరుకున్నది పెద్ద డాక్టరే. ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "అంటే రెండేళ్ళుగా దొంగ రిపోర్టులిస్తున్నావన్నమాట."

"అవును సార్. మీరు పెట్టిన టైములో అది కొలవడం అయ్యే పని కాదు. కానీ కొలవలేదని రాయొచ్చు. నేను రాయలేదు. మీరు ఒకటి మార్చారు. నేను రెండువందల పదిహేడు వదిలేశాను."

హెడ్ నర్సు మోకాలి మీద చెయ్యి తీసేసింది. ఎవరడిగారే నిన్ను అంది, పళ్ళ సందుల్లోంచి. సూపరింటెండెంటు చించిన కాగితం ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చుతూ, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు, ఇంతమందినీ వెనక్కి పిలవమంటావా, ఊరంతా ఏమనుకుంటుంది అని ఆయాసపడ్డాడు. పిలవాలి సార్ అంది ఆమె. అదే మాట మళ్ళీ ఇంకోసారి అంది.

అప్పటిదాకా నోరు విప్పని దర్జీ కుర్చీలోంచి లేచింది.

"మా ఆయన్నెందుకు కొలిచారు మరి?"

జెల్లక్క ఆవిడ వైపు తిరిగింది. "ఆయన తర్వాత రావాల్సిన మనిషి ఆలస్యమయ్యాడు. ఖాళీ దొరికింది. మెడ చూశాను."

"ఖాళీ దొరికింది," అంది దర్జీ. ఆ మాటని నాలిక మీద ఉంచుకుని రుచి చూసినట్టు ఆగింది. "నేను గుడ్డ ముక్క కత్తిరించాలన్నా ముందు మనిషిని కొలుస్తాను. తొందరలో ఉంటే రేపు రమ్మంటాను. కొలవకుండా కొలిచానని మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ వెళ్ళిపోయింది. మెచ్చుకోలేదు, క్షమించనూ లేదు. జెల్లక్క ఆ రెండింటిలో దేనికి ఎదురుచూసిందో తనకే తెలియలేదు.

శుక్రవారం పొద్దున ఫారం తెరిస్తే కుడి వైపు గడి ఖాళీగా ఉంది. కంప్యూటర్ల గదివాళ్ళు ఆ మాట తీసేశారు. దాంతోపాటే ఆమె చేతికి కొత్త ఉత్తర్వు వచ్చింది. నిర్ణయం తేలేదాకా ఆమె సొంతంగా రిపోర్టులు ఇవ్వకూడదు. పూట స్కానింగు, పూట ఆ రోగుల్ని వెనక్కి పిలిచే ఫోన్లు. పెద్ద డాక్టరుకీ ఒక ఉత్తర్వు వెళ్ళిందని, అందులో ఏముందో ఎవరికీ తెలియదని అనుకున్నారు. ఆయన నడవాలో ఎదురై, నువ్వే తవ్వావు, నువ్వే పూడ్చు అని జాబితా ఆమె చేతిలో పెట్టి పోయాడు. రెండువందల పదిహేడు మంది పేర్లు, ఫోను నంబర్లు.

రికార్డుల గదిలో మూలనున్న స్టూలు మీద కూర్చుంది. కట్టలు మోసేవాళ్ళు ఆమె మీదుగా వంగి కట్టలు తీస్తున్నారే తప్ప పక్కకి జరగమని కూడా అడగడం లేదు. మొదటి నంబరు ఎవరూ ఎత్తలేదు. రెండో ఆయన, బాగానే ఉన్నాను, మళ్ళీ ఎందుకు పిలుస్తున్నారు, మీ మిషనుకి గిరాకీ లేదా అని పెట్టేశాడు. మూడో ఆవిడ వస్తానంది. నాలుగో మనిషి నడిస్తే కాళ్ళు వాస్తున్నాయని, ఎన్నిసార్లు చెప్పినా మీవాళ్ళు గుండె బాగానే ఉందని పంపించేస్తున్నారని అరిచాడు. సోమవారం మొదట మిమ్మల్నే చూస్తాను అని అతని పేరు కింద రెండు గీతలు గీసింది. ఇంకో ఇద్దరు తిట్టారు. తిట్లు ఆమెకి కష్టంగా లేవు. తిట్టేవాళ్ళు బతికున్నారు.

ఏడో నంబరు ఒక మామ్మగారిది, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఫోను ఎత్తింది కోడలు. జెల్లక్క ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నానని, మీ అత్తగారికి మళ్ళీ ఒకసారి స్కానింగు చెయ్యాలని చెప్పింది.

"అత్తయ్య పోయి మూడు నెలలైందండి."

వెనకాల గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"మళ్ళీ స్కానింగు ఎందుకు?" అంది కోడలు.

పొరపాటున చేశాను, ఏమీ లేదండి అని పెట్టేయొచ్చు. జాబితాలో ఆ పేరు ఎదురుగా గడి ఉంది. 'చనిపోయారు' అని రాస్తే అడిగేవాడు లేడు. జెల్లక్క ఫోనుని ఇటు చెవి నుంచి అటు చెవికి మార్చుకుంది.

"అప్పుడు చేసినప్పుడు ఒకటి కొలవలేదండి. కొలవకుండా బాగుందని రాశాం."

కొలిచి ఉంటే బతికేదా అని అడుగుతుందనుకుంది జెల్లక్క. దానికి జవాబు తన దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. కోడలు అది అడగలేదు. ఒక్క నిమిషం ఉండండి అంది. సొరుగు లాగిన చప్పుడు, కాగితాలు కదిలిన చప్పుడు.

"చెప్పండి, రాసుకుంటాను. మా ఆయన వచ్చాక చెప్పాలంటే నాకు సరిగ్గా చెప్పడం రాదు. ఏం కొలవలేదు?"

"గుండెలో కుడి గది."

"కుడి... గది. బాగుందని రాసింది ఎవరు?"

"నేనే," అంది జెల్లక్క. అటువైపు పెన్ను ఆగేదాకా ఫోను పెట్టకుండా కూర్చుంది.